ఇల్లంతటికిని వైఫై

వైఫై యనునది రేడియోయే. ఆకాశవాణి ప్రసారము చేయు తరంగమునకును, ఇంటి గోడకు బిగించిన రౌటరు పెట్టె వెలువరించు తరంగమునకును జాతిలో భేదము లేదు, పొడవులోనే భేదము. 750 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్ తరంగము పొడవు 400 మీటర్లు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తరంగము పొడవు పండ్రెండున్నర సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్ తరంగము పొడవు 6 సెంటీమీటర్లు మాత్రమే. మొదటిది కొండలను గుట్టలను చుట్టి పల్లెలకు చేరగలదు. కడపటిది విశేషమైన సమాచారమును వేగముగ మోయగలదు గాని, కాంక్రీటు గోడ యెదురైనచో నీరసించిపోవును.

మన ఇండ్లలో ఫైబరు తీగ వీధి వైపున ప్రవేశించును. ప్రవేశించిన చోటనే పెట్టెను బిగించి పోవుట పనివారల వాడుక. పైన మేడ, నడుమ ఇనుప చువ్వలు పరచి పోసిన స్లాబు, దారిలో ఇనుప బీరువా, నిలువుటద్దము. ఈ మూడును తరంగమునకు శత్రువులే. కావుననే ముందుగదిలో చలనచిత్రము నిరాటంకముగ నడచుచుండగా, మేడపై గదిలో విద్యార్థి వినుచున్న పాఠము మాటిమాటికి తెగిపోవుచుండును. అట్టి గృహస్థు క్రొత్త పెట్టె కొనదలచుట సహజమే. కాని మొదట రెండు ప్రశ్నలు వేసికొనవలెను. పెట్టె పాతబడినదా? లేక పెట్టె యున్న చోటు చెడ్డదా?

మొదటి ప్రశ్నకు సమాధానము పెట్టె వయస్సులో మాత్రమే లేదు. తయారుచేసినవారు దానికి భద్రతా సవరణలను ఇంకను పంపుచున్నారా యని విచారింపవలెను. రౌటరు ఇంటికి సింహద్వారము వంటిది. బ్యాంకు లావాదేవీలు, ఉత్తరప్రత్యుత్తరములు, పిల్లల చదువు అన్నియు దాని గుండానే పోవును. 2018 మే నెలలో వీపీఎన్‌ఫిల్టర్ అను దుష్ట ప్రోగ్రాము 54 దేశములలో కనీసము 5 లక్షల పరికరములలో ప్రవేశించినట్లు బయటపడినది. వానిలో ఇండ్లలోను, చిన్న కార్యాలయములలోను ఉండు రౌటర్లే అధికము. ఇట్టి చొరబాటు జరిగినను పెట్టెపై దీపములు యథాప్రకారము వెలుగుచునే యుండును. సవరణలు ఆగిపోయిన పెట్టెను, వేగముగ పనిచేయుచున్నను, మార్చుటయే క్షేమము. డబ్ల్యూఈపీ అను తొలినాటి రక్షణ పద్ధతిలోని బలహీనత 2001 నాటికే వెల్లడియైనది. అది మాత్రమే తెలిసిన పెట్టెను తక్షణము తీసివేయవలెను. క్రొత్తది కొనునపుడు 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 పద్ధతి అందులో కలదేమో చూడవలెను.

ఇక చోటు మాట. మెష్ అనగా ఒకే పేరుతో, ఒకే సంకేతపదముతో కలసి పనిచేయు రెండు మూడు పెట్టెల కూటమి. ఢిల్లీ వార్తలను ప్రాంతీయ కేంద్రములు అందుకొని మరల ప్రసారము చేయుట మీరెరిగినదే. మెష్ పెట్టె చేయునదియు రిలే పనియే. మా వృత్తిలో తొలి పాఠమొకటి కలదు: మూలప్రసారము స్పష్టముగ అందని చోట రిలే కేంద్రము పెట్టిన లాభము లేదు. పలువురు రెండవ పెట్టెను సంకేతము బొత్తిగ అందని గదిలోనే ఉంచి, పిమ్మట నిరాశ చెందుదురు. దానిని ఆ గదికిని మొదటి పెట్టెకును నడుమ, మెట్ల వద్దనో నడవలోనో, ఎత్తున ఉంచవలెను.

ఇంకొక సంగతి. అందుకొనుటయు పంపుటయు ఒకే తరంగముపై జరిగినచో వేగము ఇంచుమించు సగమునకు పడిపోవును. పెట్టెల నడుమ తీగ లాగినచో ఈ నష్టము లేదు. సాధారణపు ఈథర్‌నెట్ తీగ 100 మీటర్ల వరకు పనిచేయును. ఏ ఇంటికైనను అది చాలును. క్రొత్తగా ఇల్లు కట్టుకొనువారు విద్యుత్తు తీగలకు గొట్టములు వేయునపుడే దీనికిని వేరొక గొట్టము వేయించుకొనిన, అల్పవ్యయముతో చిరకాలము సుఖపడుదురు.

కొనుటకు ముందు పాత పెట్టెను ఇంటి నడుమకు జరిపి చూడుడు. సవరణలు అందుచున్న పెట్టెయైనచో, పెక్కు ఇండ్లకు అంతతో సరిపోవును. చాలనిచో రెండు పెట్టెలతో ప్రారంభింపుడు. అవసరము తోచిన మూడవది చేర్చవచ్చును. అధికమైనచో ఒకదానికొకటి అడ్డుపడును. ఫైబరు వారిచ్చిన పెట్టెలోని వైఫైని ఆపివేయుడు. ప్రతి పెట్టెకును విద్యుత్తు కావలెను గనుక, ఇన్వర్టరున్నవారు అన్నిటిని దానికే కలుపుకొనవలెను. ఒకటి ఆరిపోయిన దానిపై ఆధారపడిన గదులు మూగవోవును. తీసివేసిన పెట్టెలో పాత సంకేతపదములుండును. వానిని చెరిపివేసి, ఎలక్ట్రానిక్ వ్యర్థములు సేకరించువారికి ఒప్పగింపుడు.

కడపట ఒక మనవి. పెట్టెలు ఎక్కడెక్కడ ఉంచవలెనో ఇంటి యజమాని తన కుర్చీ వద్ద కూర్చుండి నిర్ణయింపరాదు. ఫోను చేతబట్టుకొని వంటయింటికి, పెరటిగదికి, వృద్ధులు పరుండు గదికి, ఆడపిల్ల చదువుకొను మూలకు నడచి చూడవలెను. సంకేతమందని గది తరచుగా ఇంటిలో నోరు విప్పి అడుగని వారిదై యుండును. రెండవ పెట్టె స్థానమును వారి గదిని బట్టి నిర్ణయింపుడు.