బిరుసు జుట్టుకు కలబంద



నారాయణపేటలో ఎన్నో ఇండ్ల గుమ్మాలకు కలబంద వేలాడుతుంటుంది. దిష్టి తగలకుండా కట్టిన మొక్క అది. తలకిందులుగా కట్టినా, చుక్క నీళ్ళు పోయకున్నా చాలా రోజులు పచ్చగానే ఉంటుంది. ఎందుకు? దాని మట్టలో నీళ్ళు దాగి ఉన్నాయి. లోపలి గుజ్జులో నూటికి 98 పాళ్ళకు పైగా నీళ్ళే. ఆ నీళ్ళను జిగట పట్టి ఉంచుతుంది. ఆ జిగటే బిరుసు జుట్టుకు పనికొస్తుంది.

ఈ ఊళ్ళో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ మాట్లాడేవాళ్ళు కలిసి బతుకుతున్నారు. తెలుగులో కలబంద. కన్నడంలో లోళెసర. మరాఠీలో కోర్‌ఫడ్. పేర్లు వేరు. మొక్క ఒక్కటే.

జుట్టు బిరుసుగా ఎందుకు ఉంటుంది?

కొందరి వెంట్రుకలు పుట్టుకతోనే లావుగా, మెలికలు తిరిగి ఉంటాయి. అది రోగం కాదు. తల్లి నుంచో, తండ్రి నుంచో వచ్చిన గుణం. తల చర్మంలో కొంచెం నూనె ఊరుతుంది. సాపు వెంట్రుక మీద ఆ నూనె కొస దాకా జారుతుంది. మెలికల వెంట్రుక మీద అంత తేలిగ్గా జారదు. అందుకే కొసలు ఎండిపోతాయి. దీనికి తోడు చేనులో ఎండ, దుమ్ము. సబ్బు నురగ రాని బోరు నీళ్ళతో తల పోసుకుంటే వెంట్రుక ఇంకా గరుకవుతుంది.

ఎండిన వెంట్రుకలు ఒకదానికొకటి చుట్టుకుంటాయి. దువ్వితే నొప్పి. నొప్పికి పిల్ల ఏడుస్తుంది. తల్లికి కూలికి పోయే తొందర. "రేపు దువ్వుకుందాం తీ" అంటుంది. ఆ రేపు రాదు. చిక్కు ఉండ కడుతుంది. ఉండ పెరిగి తాడు లాగా జడ కడుతుంది.

అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. "ఎల్లమ్మ తల్లి జడ వచ్చింది. దువ్వెన పెట్టొద్దు, కత్తెర పెట్టొద్దు" అని ఎవరో ఒకరు అంటారు. ఇంటివాళ్ళు భయపడతారు. కర్ణాటకలో, మహారాష్ట్రలో ఇట్లా జడలు కట్టిన ఆడపిల్లలను దేవతకు వదిలారు. నారాయణపేట, మక్తల్, ఊట్కూరు పల్లెల్లో జోగిని ఆచారం ఎందరి బతుకులను కాల్చిందో పెద్దవాళ్ళకు తెలుసు. ఆడపిల్లను జోగినిగా వదలడం నేరమని 1988లోనే చట్టం వచ్చింది. ఆ చట్టం తెలంగాణలో ఇప్పటికీ ఉంది.

జడ కట్టడం దేవత పని కాదు. దువ్వక, నూనె లేక, మురికి చేరి కట్టిన చిక్కు అది. అందులో పేన్లు చేరతాయి. తల పుండ్లు పడుతుంది. బరువుకు మెడ గుంజుతుంది. మహారాష్ట్రలో అంధశ్రద్ధ నిర్మూలన సమితి కార్యకర్తలు ఎందరో ఆడవాళ్ళకు ధైర్యం చెప్పి ఇట్లాంటి జడలు కత్తిరించారు. దేవత కోపగించలేదు. వాళ్ళ తల భారం దిగింది.

చిక్కు ఉండ కాకముందే చూసుకుంటే ఇంత దూరం రాదు. అందుకు కలబంద చాలు. కొనే పని లేదు.

ముందు మొక్కను గుర్తు పట్టాలి

కలబంద మట్ట మెత్తగా, గుజ్జుగా ఉంటుంది. అంచుకు చిన్న చిన్న ముండ్లు ఉంటాయి. చేను గట్ల మీద పెరిగే కిత్తనార కూడా చూడడానికి ఇట్లాగే ఉంటుంది. దాని మట్ట గట్టిది. కొసకు సూది లాంటి నల్లముల్లు ఉంటుంది. కోస్తే నార వస్తుంది. దాని రసం తగిలితే ఒళ్ళు మండుతుంది. దాన్ని తలకు పెట్టొద్దు.

ఎట్లా చేయాలి?

1. ముదురు మట్ట ఒకటి మొదట్లో కోయాలి. కోసిన వైపు కిందికి పెట్టి పావుగంట నిలబెట్టాలి. పసుపు రంగు రసం కారిపోతుంది. ఆ రసం దురద పెడుతుంది. మట్టను బాగా కడగాలి.

2. అంచుల ముండ్లు, పై తోలు తీసేయాలి. తెల్లని గుజ్జును చెంచాతో గీకి, మెత్తగా పిసికి, పలుచని బట్టలో వడగట్టాలి. లేకపోతే ముక్కలు జుట్టులో ఇరుక్కుంటాయి.

3. మొదటిసారి అయితే మోచేతి లోపలి వైపు కొంచెం రాసి, ఒక రోజు చూడాలి. దురద, దద్దు వస్తే వాడొద్దు.

4. కుంకుడుకాయ రసంతో తల పోసుకోవాలి. జుట్టును నెత్తి మీద కుప్పగా వేసి రుద్దొద్దు. అట్లా రుద్దితేనే చిక్కు పడుతుంది.

5. తడి జుట్టును నాలుగు పాయలు చేయాలి. ఒక్కో పాయకు జిగట పట్టించాలి. ముందు వేళ్ళతో చిక్కు విడదీయాలి. తర్వాత పెద్ద పండ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. పై నుంచి గుంజితే వెంట్రుక తెగుతుంది.

6. అరగంట తర్వాత మంచినీళ్ళతో కడగాలి. జుట్టు ఇంకా తడిగా ఉండగానే నాలుగైదు చుక్కల ఆముదం కొసలకు రాయాలి. జిగట నీళ్ళను ఇస్తుంది. నూనె ఆ నీళ్ళను తొందరగా ఆరిపోనివ్వదు. ఆముదం ఈ జిల్లాలకు కొత్తది కాదు. మహబూబ్‌నగర్, నల్లగొండ చెల్కల్లో ఆముదాలు ఏండ్ల తరబడి పండించారు.

వారానికి ఒకసారి చేస్తే చాలు. గుజ్జు ఏ రోజుది ఆ రోజే తీయాలి. నిలవ ఉంటే చెడిపోతుంది.

ఏది నిజం? ఏది కాదు?

కలబందతో జుట్టు మెత్తబడుతుంది. దువ్వెన తేలిగ్గా దిగుతుంది. మెలికల జుట్టు సాపు కాదు. కావలసిన అవసరమూ లేదు. పేన్లు చావవు. పేన్ల దువ్వెనతో తీయాల్సిందే. జుట్టు కుప్పలుగా ఊడుతుంటే రక్తం తక్కువ ఉందేమో దవాఖానలో చూపించుకోవాలి. కలబందను ఇంట్లో పిసికి తాగొద్దు. పసుపు రసం కడుపులోకి పోతే విరేచనాలు అవుతాయి. గర్భిణులు అసలే తాగొద్దు. తల మీద పుండ్లు ఉంటే ముందు డాక్టరుకు చూపించాలి.

ఇప్పటికే గట్టిగా జడ కట్టిందా? జిగట, నూనె పెట్టి కొసల నుంచి మెల్లగా విడదీసి చూడండి. రాకపోతే కత్తిరించండి. జుట్టు మళ్ళీ వస్తుంది. బిడ్డ బతుకు పోతే మళ్ళీ రాదు. ఎక్కడైనా ఆడపిల్లను దేవతకు వదులుతున్నారని తెలిస్తే 1098కి ఫోన్ చేయండి. పైసలు పడవు.

ఈ ఆదివారం ఒక మట్ట కోయండి. బిడ్డను ముందర కూర్చోబెట్టుకుని, గుంజకుండా, తిట్టకుండా తల దువ్వండి. ఈ పాఠం పక్కింటి అక్కకు కూడా చదివి వినిపించండి.