రెండు జతల చేతులు, ఊరంత పని



ఈ రోజు అంగన్వాడీ గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

గోదావరి పాయల మధ్య ఒక లంక ఊరు ఉందనుకోండి. ఊరి జనం 900 మంది. అంగన్వాడీ మాత్రం ఒక్కటే. అందులో ఒక టీచరమ్మ, ఒక ఆయా. గది కూడా ఒకటే.

సార్వా ఊడుపుల రోజులు వచ్చాయి. ఆడవాళ్లు పొద్దున్నే క్యారేజీ సర్దుకుని చేలోకి పోతారు. పిల్లల్ని ఎక్కడ వదలాలి? అంగన్వాడీలోనే. ఇంకో ఇంట్లో తల్లి ఇంటిపని కోసం కువైట్ వెళ్లింది. పిల్లాణ్ని అమ్మమ్మ పెంచుతోంది. ఆవిడకి చూపు సరిగా ఆనదు. ఆవిడకీ అంగన్వాడీయే దిక్కు. అలా 40 మంది పిల్లలతో గది నిండిపోయింది.

ఒకరోజు గదికి తాళం వేసి ఉంది. "కూర్చోబెట్టి జీతం ఇస్తున్నారు ఈవిడకి!" అని నలుగురూ తిట్టుకున్నారు. టీచరమ్మ మండలంలో మీటింగుకి వెళ్లింది. ఆయాకి జ్వరం. తాళం తీయడానికి మూడో మనిషి లేదు.

ఆ గదిలోనే మూడేళ్ల పాప ఒకతి ఉంది. ప్రతి నెలా తూకం వేస్తే, బరువు పెరగడం లేదని తెలిసేది. రెండు నెలలు తూకం తప్పింది. పాప చిక్కిపోయిన సంగతి ఆలస్యంగా బయటపడింది.

తప్పు ఎవరిది? తిట్టడం తేలిక. లెక్క చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

మన దేశంలో ఈ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. దాన్నే ఐసీడీఎస్ అంటారు. అంగన్వాడీ చేయవలసిన పనులు ఆరు. పిల్లలకీ, గర్భిణులకీ, బాలింతలకీ తిండి పెట్టాలి. చిన్నపిల్లలకి ఆటపాటలు నేర్పాలి. టీకాలు వేయించాలి. ఆరోగ్య పరీక్షలు చేయించాలి. జబ్బు చేసినవాళ్లని ఆస్పత్రికి పంపాలి. తల్లులకి తిండి గురించి, ఆరోగ్యం గురించి చెప్పాలి.

ఆరు పనులూ చేయడానికి ఇద్దరే మనుషులు. పైగా సర్వేలు, రిజిస్టర్లు. 2021లో పోషణ్ ట్రాకర్ వచ్చింది. అప్పటినుంచి ఆ లెక్కలు ఫోనులో కూడా ఎక్కించాలి. ఇంత చేసినా ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2023 డిసెంబరు 12 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అంగన్వాడీలు 42 రోజులు సమ్మె చేశారు. జీతం పెంచాలని, పని మానే రోజున గ్రాట్యుటీ ఇవ్వాలని అడిగారు.

వరద వస్తే పని ఇంకా పెరుగుతుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. కోనసీమ లంకల్లోకి నీళ్లొచ్చాయి. జనం పడవలెక్కి గట్టుకి చేరారు. అలాంటప్పుడు ముందు ఎవరిని పడవ ఎక్కించాలి? నిండు చూలాలు ఏ ఇంట్లో ఉంది? పసిబిడ్డ ఏ ఇంట్లో ఉంది? ఆ సంగతి చెప్పగలిగేది టీచరమ్మ, ఆశా కార్యకర్త. ఆ ఇద్దరూ లేని ఊళ్లో ఎవరు చెబుతారు?

అందుకే ఊరికి ఎన్ని కేంద్రాలు కావాలో అందరికీ తెలియాలి. 2007లో ప్రభుత్వం ఒక లెక్క పెట్టింది. పల్లెల్లో 400 నుంచి 800 మంది జనానికి ఒక అంగన్వాడీ. 800 దాటితే 1600 వరకూ రెండు. అంటే మనం అనుకున్న లంక ఊరికి రెండు కేంద్రాలు ఉండాలి.

ఇంకో మాట. 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఒక పేటలో ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది ఉండి అంగన్వాడీ లేకపోతే, జనం కేంద్రం కావాలని అడగవచ్చు. అడిగిన మూడు నెలల లోపు ఇవ్వాలి. ఇది దయ కాదు, హక్కు.

అడగడం ఎలా? ముందు లెక్క రాయాలి. నలుగురు ఆడవాళ్లు కలిసి ఇంటింటికీ తిరగండి. ఒక నోటు పుస్తకంలో పిల్లల పేర్లు, వయసులు రాయండి. గర్భిణుల పేర్లు, బాలింతల పేర్లు రాయండి. గ్రామసభలో ఆ లెక్క పైకి చదవండి. తరువాత అర్జీ రాయండి. ఇలా రాస్తే చాలు:

"సి.డి.పి.ఓ. గారికి,
మా ఊరి జనం ...... మంది. ఆరేళ్ల లోపు పిల్లలు ...... మంది. ఉన్న అంగన్వాడీ ఒక్కటే. అది చాలడం లేదు. మాకు రెండో కేంద్రం ఇప్పించాలని కోరుతున్నాం. పిల్లల పేర్లు దీనితో జతచేశాం.
ఇట్లు, ఊరి ఆడవాళ్లు."

కింద అందరూ సంతకాలు పెట్టండి. అర్జీ ఇచ్చి రసీదు అడిగి తీసుకోండి. ఒక కాపీ దగ్గర ఉంచుకోండి. జవాబు రాకపోతే సోమవారం కలెక్టరు ఆఫీసులో ఇవ్వండి. అర్జీ ఇచ్చిన మర్నాడే కేంద్రం రాదు. మళ్లీ వెళ్లాలి, మళ్లీ అడగాలి. ఊరు మరిచిపోతే ఆఫీసూ మరిచిపోతుంది.

రెండో కేంద్రం వచ్చేదాకా టీచరమ్మకి తోడు నిలవండి. తూకం వేసే రోజున ఇద్దరు తల్లులు వంతు వేసుకుని వెళ్లండి. పిల్లల్ని వరసలో నిలబెట్టండి. బరువు కాగితం మీద రాసిపెట్టండి. అంకెలు నేర్చుకున్నది అందుకే కదా! ఏ పాపదీ తూకం తప్పకూడదు.