పన్ను ఊరిది, ఊరట పైవారిది
(అయ్యదేవర కాళేశ్వరరావు స్మారకోపన్యాసం)



అయ్యదేవర కాళేశ్వరరావుగారు అనగానే మనకు ఆంధ్రప్రదేశ్ తొలి శాసనసభాపతి గుర్తొస్తారు. బెజవాడ వన్‌టౌన్‌లో కూరగాయలు అమ్ముకునేవారికి ఆ పేరు ఒక మార్కెట్. బెజవాడ పురపాలక సంఘానికి అధ్యక్షులుగా పనిచేసిన మనిషికి అంతకన్నా తగిన స్మారకం లేదని నా నమ్మకం. అందుకే ఆ మార్కెట్లో బుట్ట దించుకునే మనిషి వైపు నిలబడి స్థానిక సంస్థల పద్దులు చూద్దాం. చిన్న వర్తకుడి దగ్గర ఊరు ఏం తీసుకుంది? కష్టం వచ్చిననాడు ఏం ఇచ్చింది?

 నేరుగా మొహతర్ఫా దగ్గరికి వస్తాను. మద్రాసు రాజధానిలో మగ్గం మీద, కొలిమి మీద, గానుగ మీద, అంగడి మీద కుంపెనీ ప్రభుత్వం వసూలు చేసిన పన్ను అది. లాభం వచ్చిందా అని అడగదు. పనిముట్టు ఇంట్లో ఉంటే చాలు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ బ్రిటిష్ పార్లమెంటుకు పంపిన మహజరులో దీనిమీద గట్టిగా మొరపెట్టుకుంది. ఆ సంఘాన్ని నిలబెట్టిన గాజుల లక్ష్మీనరసు చెట్టి తెలుగువాడు, స్వయంగా వర్తకుడు. 1861 నాటికి ఆ పన్ను రద్దయింది.

ఇక్కడే కొందరు చరిత్రకారులతో నాకు పేచీ. మొహతర్ఫా పోవడంతో చేతివృత్తులకు ఊరట దక్కిందనీ, స్థానిక పాలన 1882లో వైస్రాయి రిప్పన్ చలవతో మొదలైందనీ వారు రాస్తారు. సంవత్సరాల వరస చూడండి. 1864 నవంబరు 1న ఉప్పెన బందరును ముంచింది. సుమారు 30,000 మంది చనిపోయారు. 1865లో మద్రాసు పట్టణాభివృద్ధి చట్టం వచ్చింది. 1866లో బందరుకు పురపాలక సంఘం ఏర్పడింది. ఆ చట్టం పోలీసు ఖర్చులో పెద్ద వాటా పట్టణాల నెత్తిన పెట్టి, దానికోసం ఇళ్ల మీద, బండ్ల మీద, వృత్తుల మీద పన్నులు వేసుకోమంది. తుఫానులో సర్వం పోగొట్టుకున్న ఊరికి రెండేళ్లలో అందిన కొత్త ఏర్పాటు ఇది!

‘మొహతర్ఫా పనిముట్టు మీద, వృత్తి పన్ను మనిషి మీద. రెండూ ఒకటెలా అవుతాయి?’ అని వారి వాదం. చట్టంలో ఆ తేడా ఉన్న మాట నిజమే. కట్టేవాడికి ఏం తేడా? అంగడి అదే, గల్లాపెట్టె అదే, వసూలు చేసే కచేరీ మాత్రం మారింది. రిప్పన్ ఎన్నికలకు చోటు పెంచాడు, కాదనను. కానీ జమాఖర్చుల స్వరూపం అంతకు పదిహేడేళ్ల ముందే తయారైంది. జమ వైపు పన్నులు. ఖర్చు వైపు రోడ్లు, దీపాలు, పారిశుద్ధ్యం, బడులు. కొట్టు మునిగినవాణ్ణి, మగ్గం తడిసినవాణ్ణి ఆదుకునే పద్దు ఎక్కడా లేదు.

మినహాయింపు అసలే లేదనలేం. 1920 జిల్లా మునిసిపాలిటీల చట్టం, ఖాళీగా ఉన్న కట్టడానికి పన్ను కొంత తగ్గించవచ్చంది. అంటే వ్యాపారం దెబ్బతిని కొట్టు ఖాళీ చేసి వెళ్లినవాడికి ఏమీ దక్కదు, కొట్టు యజమానికి దక్కుతుంది. ఈ అన్యాయమే నన్ను ఇన్నేళ్లూ ఈ పద్దుల వెంట తిప్పింది.



వ్యవధి తక్కువ కనుక ఇటీవలి సంగతులు ముక్తసరిగా చెబుతాను. రాజ్యాంగం 276వ అధికరణం వృత్తి పన్నుకు ఏడాదికి 250 రూపాయల హద్దు పెట్టింది. 1988 సవరణ దాన్ని 2,500 చేసింది. ఈలోగా 1987 చట్టంతో ఆ పన్ను రాష్ట్రం చేతిలోకి వెళ్లింది. 1981లో విజయవాడ కార్పొరేషన్ అయింది. 2020లో కేంద్రం వీధి వర్తకులకు అప్పులిప్పించే ‘స్వనిధి’ పథకం వచ్చింది. తోపుడు బండివారికి అప్పట్లో మొదటి విడత అప్పు 10,000 రూపాయలు. వారిని గుర్తించే పని నగరానిది, అప్పు బ్యాంకుది, వడ్డీ రాయితీ కేంద్రానిది. అదే ఏడాది రాష్ట్రం చిరు వర్తకులకు వడ్డీ లేని అప్పు ఇప్పించే ‘జగనన్న తోడు’ తెచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు చిన్న దుకాణానికి 25,000, టర్నోవరు 40 లక్షల లోపున్న చిన్న పరిశ్రమకు 50,000 ప్రకటించిందీ రాష్ట్రమే. ఆ సాయం అవసరమైనదే, అభినందించాల్సిందే. అయితే ఆశీలు, లైసెన్సు ఫీజు, కొట్ల అద్దె తీసుకునే స్థానిక సంస్థకూ తన వంతు ఉండాలి.

అందుచేత విజయవాడ నగరపాలక సంస్థకు, కృష్ణా డెల్టాలోని పురపాలక సంఘాలకు, పంచాయతీలకు నా విన్నపం ఒక్కటే. ఆ రాబడిలో కొంత ఏటా విడిగా తీసి, ‘వర్తక విపత్తు నిధి’ అని బడ్జెట్లో పద్దు రాయండి. నీళ్లొచ్చిన వార్డులో ఆ తర్వాతి మూడు నెలల ఫీజు, అద్దె దరఖాస్తు అడగకుండా మాఫీ చేయండి. ఆ మాఫీ కొట్టు యజమానికి కాక, కొట్టు నడిపేవాడికే చెందాలి.