సలహాదారు చేతికి పార

న్యూజిలాండ్‌లో పాడి రైతుకు పచ్చికే పంట. ఆ పచ్చిక సంగతి ఎవరిని అడగాలి? ఒకప్పుడు ప్రభుత్వ సలహాదారులుండేవారు. 1990లలో ఆ సేవ ప్రైవేటుపరమైంది. ఇప్పుడు చాలాచోట్ల ఎరువులు, విత్తనాలు అమ్మే కంపెనీ ప్రతినిధే సలహా కూడా చెబుతాడు.

చిక్కంతా అక్కడే ఉంది. నేలకు మళ్లీ జీవం పోసే సాగులో రైతు రసాయన ఎరువు తగ్గిస్తాడు, ఒకే పొలంలో రకరకాల మొక్కలు పెంచుతాడు. అలాంటి రైతుకు దారి చూపాలంటే వ్యవసాయ నిపుణుడే ముందు కొత్తగా నేర్చుకోవాలి.

ఆ నేర్పు పారతో మొదలవుతుంది. నేల శాస్త్రవేత్త గ్రాహం షెపర్డ్ 2000లో ఒక తేలిక పరీక్షను అందించారు. పారతో చదరపు మట్టి దిమ్మ తీస్తారు. మీటరు ఎత్తు నుంచి తొట్టిలో పడేస్తారు. పొడిపొడిగా విడిపోతే నేల గుల్లగా ఉన్నట్టు. పెద్ద పెళ్లలుగా మిగిలితే గట్టిపడినట్టు. రంగు చూస్తారు. వానపాముల్ని లెక్కపెడతారు. మార్కులు వేస్తారు. రైతు పక్కనే ఉండి అంతా చూస్తాడు. ఏ ప్రయోగశాల నివేదికా ఇంత నమ్మకం కలిగించలేదు.

న్యూజిలాండ్‌లోని మాసీ విశ్వవిద్యాలయం రకరకాల మొక్కలు కలిసిన పచ్చికను మామూలు పచ్చికతో పోల్చి పరిశోధిస్తోంది. అక్కడే క్వోరమ్ సెన్స్ అనే రైతుల బృందం ఇలాంటి సాగులో తమ అనుభవాలు పంచుకుంటోంది.

మన ఆంధ్రప్రదేశ్‌లోనూ రైతు సాధికార సంస్థ ప్రకృతి సాగులో ఆరితేరిన రైతులనే శిక్షకులుగా పంపుతోంది.

మీ ఊరికి వ్యవసాయ అధికారి వస్తే పొలంలో ఒక దిమ్మ, గట్టు పక్కన ఒక దిమ్మ తీయించండి. మట్టి కాస్త తేమగా ఉన్నప్పుడు తీయించి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.