ఇంగువ డబ్బా మీద ఏం రాసి ఉంది?



మన్సూరాబాద్‌లో ఒక తల్లి ఉందనుకోండి. ఆమె కొడుక్కి ఏడేళ్లు. ఎంత తిన్నా ఒంటికి పట్టదు. కడుపు ఉబ్బుతుంది. విరేచనాలు ఆగవు. పెద్దాసుపత్రిలో రక్తం, పేగు పరీక్ష చేశారు. "ఇది సీలియాక్ జబ్బు. జీవితాంతం గోధుమ తినకూడదు" అన్నారు డాక్టరు.

గోధుమలో గ్లూటెన్ అనే పదార్థం ఉంటుంది. పిండి పిసికితే సాగేది దానివల్లే. బార్లీలో కూడా ఇది ఉంటుంది. ఈ జబ్బు ఉన్నవాళ్ల చిన్నపేగును గ్లూటెన్ పాడుచేస్తుంది.

ఆ తల్లి చపాతీ, పూరీ మానిపించింది. అన్నం, జొన్నరొట్టె పెట్టింది. అయినా విరేచనాలు ఆగలేదు. ఎందుకని?

ఆమె వంటిల్లంతా వెతికింది. బొంబాయి రవ్వ గోధుమదే. మైదా గోధుమదే. ఉస్మానియా బిస్కట్టు మైదాతో చేసిందే. సేమ్యా కూడా చాలావరకు గోధుమదే. మరి చారులో వేసే ఇంగువ? అంగట్లో దొరికే ఇంగువ పొడిలో చాలావాటిలో గోధుమపిండి కలుపుతారు! ఆ సంగతి డబ్బా మీద రాసే ఉంటుంది.

కాని ఆ రాత ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటుంది. ఆమెకు తెలుగే వచ్చు. ఏం చేసింది? బడికి పోయే కూతురితో వీట్, మైదా, సూజీ, బార్లీ అనే మాటలు ఇంగ్లీషులో రాయించుకుంది. కాగితం కొంగున ముడేసుకుంది. అంగట్లో ఒక్కో అక్షరం పోల్చి చూసింది.

ఆకుపచ్చ చుక్క ఉంటే చాలదు. అది శాకాహారమని మాత్రమే చెబుతుంది. "గ్లూటెన్ ఫ్రీ" అని రాసి ఉందా చూడాలి. అలా రాస్తే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని ప్రభుత్వ నియమం.

గిర్నీ దగ్గర కూడా జాగ్రత్త. గోధుమలు పట్టిన గిర్నీలోనే జొన్నలు పడితే, పిండి కలిసిపోతుంది. కొంచెమైనా చెరుపు చేస్తుంది. జొన్నలు ఇంట్లో ఇసుర్రాయి మీద విసురుకోవచ్చు. పిల్లవాడి రొట్టెకు పెనం వేరుగా పెట్టాలి.

తినేవాటికి కరువు లేదు. బియ్యం, జొన్నలు, సజ్జలు, రాగులు, కొర్రలు, పప్పులు, కూరగాయలు, పాలు, గుడ్లు అన్నీ మంచివే. పండక్కి బియ్యప్పిండితో సకినాలు చేసుకోవచ్చు.

ఒక్క మాట మరవొద్దు. విరేచనాలన్నీ ఈ జబ్బు కావు. పరీక్షకు ముందే గోధుమ మానేస్తే జబ్బు బయటపడకపోవచ్చు. ముందు డాక్టరుకు చూపించాలి.

ఈరోజు ఇంటికి పోయాక ఇంగువ డబ్బా తియ్యండి. దాని మీద ఏం రాసి ఉందో చూడండి.