అంగిలి మీద మచ్చ, పటం మీద చుక్క

ఈ రోజు ఇక్కడ యువ వైద్యులు, నర్సులు పట్టాలు అందుకుంటున్నారు. తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చిన వాళ్ల అమ్మానాన్నలు, తాతలు, మామ్మలు వెనక వరసల్లో కూర్చున్నారు.

ఈ ప్రసంగం ఆ వెనక వరసల్లోని పెద్దవాళ్ల గురించి.

శ్రీకాకుళం తీరంలోని పల్లెల్లో వయసు మళ్లిన ఆడవాళ్లు చుట్ట కాల్చే పద్ధతి ఒకటుంది. మామ్మ అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగిస్తుంది. రెండు దమ్ములు లాగి, నిప్పు బాగా రాజుకున్నాక చుట్టను తిప్పి, నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పెదాలు మూసేస్తుంది. బయటికి కనబడేది పొగాకు చివర ఒక్కటే. అలా పెట్టుకున్న చుట్ట గాలికి ఆరిపోదు. నిప్పురవ్వ చీర మీద పడదు, చంకలో పిల్ల మీద పడదు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి కాబట్టి నాట్లు వేసుకోవచ్చు, చేపలు ఎండేసుకోవచ్చు. దీన్ని అడ్డపొగ అంటారు. తల్లిని చూసి కూతురు, అత్తను చూసి కోడలు నేర్చుకున్న అలవాటు.

నిప్పు లోపల ఉన్నప్పుడు ఆ నోట్లోని గాలి 120 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుందని 1960లలో కొలిచి చూశారు. నీళ్లు మరగడానికి 100 చాలు. ఆ సెగ, ఆ పొగ నేరుగా తగిలేది అంగిలికి. మొదట అంగిలి తెల్లబారుతుంది. తర్వాత ఆ తెలుపులో ఎర్రటి చుక్కలు లేస్తాయి. అవి లాలాజలం ఊరే చిన్న గ్రంథుల నోళ్లు, వాచి పైకి తేలినవి. అక్కడక్కడా రంగు పోయి పాలిపోయిన మచ్చలు పడతాయి. కొందరిలో ఏళ్లు గడిచాక అక్కడే పుండు పడుతుంది, మానదు. నొప్పి ఆలస్యంగా వస్తుంది గనుక మామ్మ ఆసుపత్రికి వచ్చేదీ ఆలస్యంగానే.

గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం ప్రపంచంలో చాలాచోట్ల అరుదు. విశాఖపట్నం చుట్టుపక్కల మాత్రం అది అందరికీ తెలిసిన జబ్బు. ముంబయి టాటా స్మారక ఆసుపత్రిలో పనిచేసిన వి.ఆర్. ఖనోల్కర్ 1945లోనే, భారతీయుల అలవాట్లకు ముడిపడిన క్యాన్సర్ల గురించి రాస్తూ చుట్ట క్యాన్సర్‌ను ప్రపంచానికి పరిచయం చేశారు. 1971లో డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, మన దేశానికి చెందిన మెహతా, గుప్తా, దఫ్తరీ తదితరులు ఇక్కడి పల్లెల్లో 10,169 మంది నోళ్లు తెరిపించి చూసిన లెక్కలు ప్రచురించారు. వాళ్లలో నూటికి 43 మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే! మగవాళ్లకంటే ఆడవాళ్లే ఎక్కువ. నోటి క్యాన్సర్ అనగానే మగవాళ్ల జబ్బని రాసే పుస్తకం చదివిన విద్యార్థి ఈ తీరానికి వస్తే, ఆ పుస్తకాన్ని పక్కన పెట్టి ముందు మామ్మ నోట్లోకి చూడాలి.

ఊరు మారితే క్యాన్సర్ చోటు మారుతుంది. కశ్మీర్‌లో చలికాలం ఫెరన్ అనే పొడుగాటి అంగీ కింద కాంగ్డీ పెట్టుకుంటారు. వెదురులాంటి పుల్లల బుట్టలో మట్టికుండ, కుండలో బొగ్గు నిప్పులు. ఏళ్ల తరబడి ఆ సెగ తగిలిన తొడల మీద, పొట్ట మీద ముసలితనంలో చర్మ క్యాన్సర్ వస్తుందని ఎల్మ్‌స్లీ అనే వైద్యుడు 1866లోనే రాశారు. మిజోరంలో కడుపు క్యాన్సర్ ఎక్కువ. అక్కడ పొగబెట్టి ఎండబెట్టిన మాంసం తింటారు, పొగాకు పొగను నీళ్లలోకి పట్టి తయారుచేసే తుయ్‌బుర్‌ను నోట్లో పోసుకుని పుక్కిలిస్తారు. మేఘాలయ ఖాసీ కొండల్లో అన్నవాహిక క్యాన్సర్, గంగా మైదానంలో పెద్ద వయసు ఆడవాళ్లకు పిత్తాశయ క్యాన్సర్. ఒకే దేశం, ఒకే 65 ఏళ్ల వయసు, నాలుగు దిక్కుల్లో నాలుగు జబ్బులు.

పెద్దవాళ్లలోనే ఈ తేడా ఇంత కొట్టొచ్చినట్టు కనబడటానికి కారణం కాలం. పదిహేనో ఏట మొదలైన చుట్ట ఫలితం అరవయ్యో ఏట బయటపడుతుంది. ఇవాళ ఒక జిల్లాలో ముసలివాళ్లకు వస్తున్న క్యాన్సర్‌ను చూస్తే, నలభై యాభై ఏళ్ల కిందట ఆ జిల్లాలో పడుచువాళ్లు ఏం తాగారో, ఏం నమిలారో, ఏ పొయ్యి ముందు కూర్చున్నారో తెలుస్తుంది. పుట్టుకతో వచ్చిందేనా అంటే, దానికి వలసపోయిన జపనీయులు జవాబిచ్చారు. జపాన్‌లో కడుపు క్యాన్సర్ ఎక్కువ, పెద్దపేగు క్యాన్సర్ తక్కువగా ఉన్న రోజుల్లో, అమెరికా వెళ్లి స్థిరపడినవాళ్లను హేన్‌జెల్, కురిహారా 1968లో లెక్కగట్టి చూశారు. రక్తం అదే అయినా కడుపు క్యాన్సర్ తగ్గుతోంది, పెద్దపేగు క్యాన్సర్ పెరుగుతోంది.

ఇక లెక్కల సంగతి. ఇది విసుగు పుట్టించే విషయమని తరగతిలో చాలామంది అనుకుని ఉంటారు. కానీ ప్రాణాలు దీని మీద ఆధారపడి ఉన్నాయి కాబట్టి కాసేపు ఓపిక పట్టాలి. 2011 జనగణన ప్రకారం 60 ఏళ్లు దాటినవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 8.6 మంది, కేరళలో 12.6 మంది. క్యాన్సర్ వయసుతో పెరిగే జబ్బు. కాబట్టి ఊరికే లక్షకు ఎంతమంది అని లెక్కిస్తే కేరళ పైన కనబడుతుంది, ముసలివాళ్లు తక్కువున్న అరుణాచల్ కింద కనబడుతుంది. అందుకే అన్ని ప్రాంతాల్లోనూ వయసుల పాళ్లు ఒకేలా ఉన్నాయనుకుని లెక్క సరిచేస్తారు. అలా సరిచేసి, భారత వైద్య పరిశోధన మండలి రిజిస్ట్రీ 2020లో ఇచ్చిన నివేదిక తెరిస్తే మనసు కలుక్కుమంటుంది. ఏటా లక్ష మంది మగవాళ్లకు ఐజ్వాల్ జిల్లాలో 269.4 మంది, మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్, బీడ్ జిల్లాల్లో 39.5 మంది. ఆడవాళ్లలో అన్నిటికంటే ఎక్కువ అరుణాచల్‌లోని పాపుంపరే జిల్లాలో, 219.8. మనకు దగ్గరి సంగతి కూడా అందులో ఉంది: రొమ్ము క్యాన్సర్ రేటు దేశంలోకెల్లా ఎక్కువ నమోదైంది హైదరాబాద్ జిల్లాలో, లక్షకు 48. ఆలస్యంగా కాన్పులు, తక్కువ కాన్పులు, పెరిగిన ఒళ్లు, ఇవన్నీ నగర జీవితంతో వచ్చినవే.

అయితే బీడ్‌లో నిజంగానే అంత తక్కువా, లేక కొందరు లెక్కలోకి రాలేదా? ఈ ప్రశ్న అడగని వైద్యుడు, ఈ రేట్లతో గీసిన దేశపటాన్ని నమ్మి మోసపోతాడు. దేశంలో వైద్యుడు కారణం రాసి ధ్రువీకరించే మరణాలు అయిదింట ఒక వంతుకు అటూ ఇటూ మాత్రమే. ఇంట్లో మంచం మీద పోయిన డెబ్బై ఏళ్ల మనిషి గురించి ఊళ్లో ఎవరినడిగినా 'పెద్దతనం, పోయాడు' అంటారు. ఆ మాట వెనక ఏ క్యాన్సర్ దాగుందో ఎవరికీ తెలియదు. షోలాపూర్ జిల్లా బార్శీలో 1987లో దేశంలోనే మొదటి గ్రామీణ క్యాన్సర్ రిజిస్ట్రీ పెట్టినవాళ్లు ఈ సంగతి గుర్తించారు. ఆసుపత్రి దస్త్రాల కోసం కూర్చోకుండా సిబ్బందిని ఊళ్లకు పంపి, మాట్లాడించి, అనుమానం ఉన్నవాళ్లను పరీక్షకు తీసుకొచ్చారు. అక్కడి రేట్లు నగరాలకంటే తక్కువే వచ్చాయి. అలా వెతికిన తర్వాత వచ్చిన తక్కువను నమ్మవచ్చు.

వెతకడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. తిరువనంతపురం ప్రాంతంలో 13 పంచాయతీలు తీసుకుని, వాటిలో ఏడింట్లో వైద్యులు కాని ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి 35 ఏళ్లు దాటినవాళ్ల నోళ్లు కళ్లతో చూశారు, మిగతా ఆరింటిని పోల్చడానికి వదిలారు. 2005లో వచ్చిన ఫలితం: పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. అంతకుముందే శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్ల వెంట ఏళ్ల తరబడి తిరిగి, మానమని నచ్చజెప్పి చూశారు. మానినవాళ్లు పెరిగారు, క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు కొత్తగా పుట్టడం తగ్గింది. 1986లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. అరవై దాటినవాళ్లకు ఇప్పుడు చెప్పి ఏం లాభమనే మాట వినిపించినప్పుడల్లా ఈ పట్టభద్రులు ఆ లెక్కలను గుర్తుచేయాలి.

వచ్చే నెలలో వీళ్లలో కొందరు పల్లె ఆరోగ్య కేంద్రాల్లో కూర్చుంటారు. ఒక మామ్మ దగ్గు కోసం వస్తుంది. వయసెంత అంటే, 'అరవై రాసీ బాబూ' అంటుంది. దస్త్రాల్లో అరవైలు, అరవై అయిదులు, డెబ్బైలు గుట్టలుగా పోగుపడటం ఇలాగే. పుట్టిన తేదీ ఆమెకు తెలియదు, కానీ పెద్దకొడుకు ఏ గాలివానప్పుడు పుట్టాడో, అప్పటికి తన పెళ్లయి ఎన్నేళ్లో చెప్పగలదు. రెండు నిమిషాలు అడిగితే అరవై కాస్తా డెబ్బై మూడు అవుతుంది, పటం మీద ఒక చుక్క సరైన చోట పడుతుంది. చుట్ట ఎప్పటినుంచి, ఏ కొస నోట్లో పెడతారు అని కూడా అప్పుడే అడగాలి. తర్వాత టార్చి లైటు వేసి, 'మామ్మా, తల కాస్త వెనక్కి వాల్చి నోరు బాగా తెరువు' అనాలి. అంగిలి పైన ఉంటుంది. నాలుక చూసి వదిలేస్తే కనబడదు.