మంచం దాకా వచ్చే పంచాయతీ



ఊళ్లో స్వచ్ఛందంగా సేవ చేసేవాళ్లకు, ఇంట్లో జబ్బు మనిషిని కనిపెట్టుకుని ఉండే పిల్లలకు స్థానిక సంస్థలు ఏ రకంగా అండగా నిలవొచ్చో చెప్పమని ఆకాశవాణి వారు అడిగారు. గ్రామ పంచాయతీ, పురపాలక సంఘం, జిల్లా పరిషత్తు, మూడింటి సంగతీ మాట్లాడతానన్నాను. పంచాయతీ అంటే ఏమిటో, సర్పంచ్‌ని ఎలా ఎన్నుకుంటామో మీకు తెలియనిది కాదు కాబట్టి ఆ పాఠం జోలికి పోను. నా మనసుకు బాగా దగ్గరైన కేరళ పంచాయతీల సంగతితో మొదలుపెడతాను.

1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ కె. సురేశ్ కుమార్, మరికొందరు మిత్రులు కలిసి పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ మొదలుపెట్టారు. నయంకాని జబ్బుతో ఉన్నవాళ్లకు నొప్పి తగ్గించడం, ఉన్నన్నాళ్లు మనిషిని మనిషిలా బతకనివ్వడం వాళ్ల ఉద్దేశం. క్లినిక్కుకు జనం వచ్చారు. కానీ మంచం దిగలేని మనిషి క్లినిక్కుకు ఎలా వస్తాడు? వచ్చినా బస్సు కుదుపులకు ప్రాణం పోయినంత పనవుతుంది. అందుకని కొన్నేళ్లకు మలప్పురం జిల్లాలో ఇరుగుపొరుగు వాళ్లే బృందాలుగా ఏర్పడి రోగుల ఇళ్లకు వెళ్లడం మొదలైంది. వారానికి రెండు గంటలు ఇవ్వగలిగిన వాళ్లెవరైనా చేరొచ్చు. 16 గంటల పాఠాలు, ఆ పైన 4 రోజులు తెలిసినవాళ్ల పక్కన ఉండి పని నేర్చుకోవడం. ఖర్చుకు దుకాణాల్లో గల్లాపెట్టెల పక్కన డబ్బాలు పెట్టి, రూపాయీ రెండు రూపాయలూ పోగుచేశారు.

అలాంటి మంచి మనుషులు మన ఊళ్లలోనూ ఉన్నారు. కేరళ గొప్పతనం ఆ తర్వాత జరిగినదాంట్లో ఉంది. 1996లో అక్కడ ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలై, రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థల చేతికి వచ్చింది. 2008లో ప్రభుత్వం పాలియేటివ్ కేర్ విధానం ప్రకటించి, ఇంటికి వెళ్లి చేసే సేవను పంచాయతీలకు అప్పగించింది. పంచాయతీ డబ్బుతో ఒక నర్సు, ఆమెకు 3 నెలల శిక్షణ, తిరగడానికి బండి, మందులు, దూది, గాజుగుడ్డ. అక్కడున్న 941 గ్రామ పంచాయతీల్లో దాదాపు అన్నిటికీ ఈ ఏర్పాటు పాకింది. దేశ జనాభాలో 3 శాతం ఉన్న కేరళ, దేశం మొత్తం మీది పాలియేటివ్ సేవల్లో మూడింట రెండు వంతులు తానే అందిస్తోందని 2010లో ఎకనమిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ నివేదిక రాసింది.

జీతం తీసుకునే నర్సు ఒకరు ఉండబట్టే జీతం లేని వాళ్లు ఇన్నేళ్లు నిలబడ్డారని నా నమ్మకం. కట్టు విప్పాక కొత్త గుడ్డ లేకపోతే, అర్ధరాత్రి మూత్రం గొట్టం మూసుకుపోతే ఎవరికి ఫోన్ చేయాలో తెలియకపోతే, ఎంత మంచి మనసున్న కుర్రాడైనా మూడు నెలలకే మొహం చాటేస్తాడు. తప్పు అతనిది కాదు.

మా తమ్ముడు కోజికోడ్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో, మలప్పురం జిల్లాలో ఒక పంచాయతీ జీపులో రోగుల ఇళ్లకు తిరిగే బృందంతో పాటు నేనూ వెళ్లాను. నర్సు, ఆశ కార్యకర్త, ఒక ఆటో డ్రైవరు, డిగ్రీ చదివే అమ్మాయి. ఒక ఇంట్లో పక్షవాతంతో పెద్దావిడ. కోడలు కూలికి వెళ్లింది. ఇంట్లో ఉన్నది ఎనిమిదో తరగతి చదివే మనవడు ఒక్కడే. నర్సు ముందు ఆవిడ మడమలు, తుంటి, నడుము కింది భాగం చూసింది. ఎర్రబారిన చోట వేలితో నొక్కి, ఆ ఎరుపు పోతుందో లేదో గమనించింది. తర్వాత పిల్లవాణ్ణి పిలిచి, పక్క మార్చడం ఎలాగో చెప్పింది. అవతలి మోకాలు మడిచి పెట్టాలి. ఒక చెయ్యి భుజం మీద, ఇంకో చెయ్యి తుంటి మీద వేసి నీ వైపుకు దొర్లించాలి, ఎత్తకూడదు. వీపు వెనక దిండు, మోకాళ్ల మధ్య మడత పెట్టిన దుప్పటి. రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. వాడు చేసి చూపించాడు. అంతవరకు బామ్మను రెండు చంకల కింద పట్టుకుని ఒక్కడే లేవదీస్తున్నాడట. వాడి నడుము ఏమయ్యేదో!

ఆటో డ్రైవరు పెద్దావిడ పక్కన కూర్చుని గోళ్లు కత్తిరిస్తూ ఊరి కబుర్లు చెబుతున్నాడు. డిగ్రీ అమ్మాయి పిల్లవాడితో అరుగు మీద కూర్చుని లెక్కల పుస్తకం తెరిచింది. నర్సు తన రిజిస్టరులో రోగి పేరు కింద వాడి పేరు, చదివే బడి పేరు కూడా రాసుకుంది. మధ్యాహ్నాలు ఎవరు వచ్చి కూర్చుంటారో అక్కడికక్కడే మాట్లాడుకుని, జీపెక్కారు. రోగి పేరు కింద ఆ పిల్లవాడి పేరు రాసిన ఆ పుటను నేను ఈ రోజుకీ మరిచిపోలేదు.

మా గోదావరి పల్లెల్లో ఒకప్పుడు ఎవరైనా మంచాన పడితే రాత్రి తోడు పడుకోవడానికి ఇరుగుపొరుగు వాళ్లు వంతులు వేసుకునేవాళ్లు. అన్నం తిని, బొంత చంకన పెట్టుకుని, లాంతరు పట్టుకుని వచ్చేవాళ్లు. దాహమంటే నీళ్లు అందించడం, పక్కకు తిప్పడం, తెల్లవారుజామున కాఫీ తాగి పొలానికి పోవడం. పగలంతా చాకిరీ చేసిన ఇంటి ఇల్లాలు ఆ ఒక్క రాత్రి కంటినిండా నిద్రపోయేది. ఆ వంతులు పోయాయి. కొడుకులు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉన్నారు. పక్కింటి గేటుకు రాత్రి తొమ్మిదికే తాళం పడుతోంది. డబ్బున్న ఇంట్లో ఏజెన్సీ మనిషి వచ్చి చూసుకుంటుంది. లేని ఇంట్లో ఎవరి చేతులు ఖాళీగా ఉంటే వాళ్ల మీద పడుతుంది. ఆ చేతులు చాలాసార్లు పిల్లలవే, అందులోనూ ఆడపిల్లలవే.

నేను బడిలో పనిచేసేటప్పుడు ఏడో తరగతిలో ఒక అమ్మాయి రోజూ రెండో పీరియడ్‌కు వచ్చేది. ఎందుకమ్మా అంటే, "అమ్మని తిప్పి, అన్నం పెట్టి వచ్చాను టీచర్" అనేది. తండ్రి లారీ మీద క్లీనరు, వారానికోసారి ఇంటికొచ్చేవాడు. హెడ్మాస్టరు గారూ నేనూ పంచాయతీ ఆఫీసుకు వెళ్లాం. కార్యదర్శి మర్యాదగా కూర్చోబెట్టి, "ఇలాంటి వాటికి మా దగ్గర పద్దు లేదమ్మా" అన్నారు. ఆ పిల్ల ఎనిమిదిలో చేరలేదు.

ఇప్పుడు పద్దు ఉంది. అది వినిపించడానికే ఈ మైకు ముందుకు వచ్చాను. కేంద్ర ప్రభుత్వపు మిషన్ వాత్సల్య కింద, తల్లిగానీ తండ్రిగానీ ప్రాణాంతకమైన జబ్బుతో ఉన్నా, పిల్లల్ని సాకలేని స్థితిలో పడిపోయినా, ఆ పిల్లలకు నెలకు 4,000 రూపాయల సాయం అందే వీలుంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 రూపాయలు దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగానికి ఇవ్వాలి. గ్రామ స్థాయిలో పిల్లల సంరక్షణకు ఒక కమిటీ ఉండాలని, దానికి పంచాయతీ పెద్దే అధ్యక్షుడని ఆ పథకమే చెబుతోంది. అంటే ఈ పని సర్పంచ్ గారిదే.

ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైన వారికి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. ఎంతో మంచి పని. ఆ పింఛను వల్ల ఏ ఇంట్లో అలాంటి మనిషి ఉన్నారో గ్రామ సచివాలయం దగ్గర జాబితా కూడా ఉంది. అయితే అందులో మంచం మీది మనిషి పేరే ఉంటుంది, ఆ మనిషిని తిప్పే చేతుల పేరు ఉండదు. కేరళలో ఆశ్వాసకిరణం అనే పథకం చూసుకునేవాళ్ల పేరు మీదే నెలకు 600 రూపాయలు పెట్టింది. మొత్తం చిన్నదే. కానీ సర్కారు కాగితం మీద ఆ మనిషి కూడా ఉన్నట్టు లెక్క. తెలంగాణలో ప్రభుత్వ ఆస్పత్రుల నుంచి ఆలన పేరుతో బండ్లు రోగుల ఇళ్లకు వెళుతున్నాయి. వాటిలో వార్డు మెంబరు కూడా ఎక్కితే ఎంత బాగుంటుంది!

ఊరి ముందు స్వాగత ద్వారానికి, కూడలిలో విగ్రహానికి చందాలు దొరుకుతున్నాయి. ఒక నీటి పరుపు, ఒక చక్రాల కుర్చీ కొని పంచాయతీ ఆఫీసులో పెడితే అవసరమైన ఇంటికి తీసుకెళ్లి మళ్లీ తెచ్చి ఇవ్వొచ్చు. అది మాత్రం ఎవరికీ తోచదు. ఆరోగ్యం, స్త్రీ శిశు సంక్షేమం, వికలాంగుల సంక్షేమం పంచాయతీలకు అప్పగించదగిన పనులని రాజ్యాంగం 11వ షెడ్యూలులో రాసుకుని 30 ఏళ్లు దాటింది. ఏటా తయారయ్యే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో సిమెంటు రోడ్డు పక్కన ఈ పనికి ఒక్క వరుస చోటివ్వడం గ్రామసభ చేతిలో ఉన్న పనే.

పట్టణాల్లో వార్డు సచివాలయాలు ఇదే పని చేయొచ్చు. అద్దె ఇళ్లు మారే కుటుంబాల వల్ల అక్కడ జాబితాను నెలనెలా సరిచూసుకోవాలి. జిల్లా పరిషత్తు పేరు మీద ఎన్నో హైస్కూళ్లు నడుస్తున్నాయి. వారం పాటు బడికి రాని పిల్లల ఇంటికి ఎవరైనా వెళ్లి, లోపల మంచాన ఎవరైనా ఉన్నారేమో చూసి రావాలని ఆ బడులకు చెబితే చాలు.

మా ఊళ్లో గ్రామసభ అక్టోబరు 2న పెడతారు. మంచాన ఉన్నవాళ్ల జాబితాలో వాళ్లను చూసుకునే పిల్లల పేరు, తరగతి కూడా చేర్చాలని, ఏఎన్ఎం గారి చేత ఊళ్లో ఇష్టపడిన వాళ్లకు పక్క మార్చడం, కట్టు కట్టడం నేర్పించాలని, నీటి పరుపులు రెండు కొనాలని తీర్మానం రాసి పెట్టుకున్నాను. మీ ఊరి సభకు మీరూ ఒకటి రాసుకుని వెళ్లండి.